హనుమకొండ భాషానిలయం: ప్రజాపాలనకు తొలి అభ్యాసం

తెలంగాణ గ్రంథాలయోద్యమాన్ని సాహిత్య చరిత్రకారులు భాషా పునరుజ్జీవనంలో భాగంగా వివేచిస్తూ వచ్చారు. ఆ దృష్టి సరైనదే కాని అసమగ్రం. 1904లో హనుమకొండలో వెలసిన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయాన్ని పరిపాలనా సంస్థల చరిత్రలోనూ పరిశీలించవలసి ఉంది.

నాటి హైదరాబాదు రాజ్యంలో 1893లోనే శాసన మండలి ఏర్పడినా అది ప్రజలకు జవాబుదారీ కాదు. రాజభాష ఉర్దూ. తరువాతి కాలంలో 'గస్తీ నిషాన్ 53' సభలు జరుపుకోవడానికి సైతం ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. రాజకీయం పేరెత్తకుండా పదిమంది ఒకచోట కూడే వీలు పుస్తకం కల్పించింది. చందా, కార్యవర్గం, కార్యదర్శి, వార్షిక సభ, జమాఖర్చుల లెక్క: భాషానిలయాల నిర్వహణకు అవసరమైన ఈ ఏర్పాట్లే స్వపరిపాలనకు ప్రాథమిక పాఠాలయ్యాయి. తీర్మానం, సవరణ, అధ్యక్షోపన్యాసం వంటి మాటలు తెలంగాణలో సభా వ్యవహారపు అర్థంతో స్థిరపడిన తావులు ఇటువంటివే. పదచరిత్ర పరిశోధకులు ఈ వైపు అంతగా దృష్టి సారించకపోవడం విచిత్రం.

1921లో హైదరాబాదు వివేకవర్ధిని సభలో తెలుగు ప్రసంగానికి జరిగిన అవమానం ఆంధ్ర జనసంఘ స్థాపనకు దారితీసింది. కోపం నుంచి పుట్టిన సంఘాలు సాధారణంగా అల్పాయుష్కాలు. ఇది నిలిచింది. ఊరూరా అప్పటికే ఉన్న, తరువాత ఏర్పడిన సంఘాలను, పఠనాలయాలను ఒక కేంద్రానికి అనుసంధానించే ప్రయత్నంలో 1923 నాటి హనుమకొండ సమావేశం కీలకమైనది. మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము' ఈ క్రమాన్ని సవివరంగా నమోదు చేసింది. 1930లో జోగిపేటలో ఆవిర్భవించిన ఆంధ్ర మహాసభకు పునాది ఈ అల్లికే.

అయితే ఈ అభ్యాసానికి హద్దులున్నాయి. చందా చెల్లించగలవారూ అక్షరం వచ్చినవారూ మాత్రమే భాషానిలయానికి సభ్యులు కాగలరు. వెట్టిచాకిరిలో మగ్గిన కౌలుదారు, కూలీ ఆ గడప తొక్కలేదు. మహాసభలో మితవాద, అతివాద వర్గాల వివాదాన్ని కేవలం సిద్ధాంత భేదంగా చూస్తే ఈ అంశం మరుగున పడుతుంది. వరంగల్లు జిల్లా ధర్మవరంలో 1942లోనూ, భువనగిరిలో 1944లోనూ జరిగిన సభల చరిత్రను సభ్యత్వ ప్రశ్నతో కలిపి చదవవలసి ఉంటుంది. భువనగిరిలో చీలిక వచ్చింది. సంఘం గ్రామాలకు విస్తరించింది.

1952లో వయోజన ఓటుతో జరిగిన తొలి ఎన్నికల్లో వరంగల్లు లోక్‌సభ స్థానం నుంచి పెండ్యాల రాఘవరావు గెలుపొందారు. ఆయనను ఎన్నుకున్న ఓటర్లలో అత్యధికులు నిరక్షరాస్యులు.