చార్మినారు చెంత చంకబిళ్ళ కథ

హైదరాబాదు చూడవచ్చిన మనవారెవ్వరును చార్మినారు క్రింద నిలిచి తలయెత్తి చూడకుండ మరలిపోరు. దానిని 1591లో మహమ్మదు కులీ కుతుబ్ షా కట్టించెను. ఎందులకు కట్టించెనని యడిగినచో లాడ్ బజారులోని గాజుల దుకాణమువాడైనను ఒక కథ చెప్పును: నగరమును పీడించిన మహామారి శాంతించినందున దేవునికి కృతజ్ఞతగా కట్టించెనట. హిజరీ శకమున వేయవ సంవత్సరము ప్రవేశించిన గుర్తుగా కట్టించెనని కొందరు చరిత్రకారుల మాట. నాకును ఈ రెండవ మాటయే సరియని తోచుచున్నది. అయినను జనులు మొదటి కథనే పట్టుకొని యుండుట వింత గాదు. చార్మినారు కట్టిన మూడు వందల యేండ్లకు పిమ్మట ఆ మహామారిని ఈ నగరము కన్నులార చూచినది.

ఆ మహామారియే ప్లేగు. జ్వరముతోపాటు గజ్జలోనో, చంకలోనో, మెడలోనో బిళ్ళ కట్టుట దాని గుర్తు. మన దేహమున నెత్తురు నాళములు గాక, తేటరసము ప్రవహించు సన్నని నాళములు వేరుగా కలవు. ఆ దారులలో అక్కడక్కడ చిక్కుడుగింజలవంటి గ్రంథులు కావలి కాయుచుండును. చేతినుండియు, రొమ్మునుండియు వచ్చు రసమునకు చంకయే కావలి చావడి. వ్రేలికి ముల్లు విరిగి చీము పట్టినప్పుడు చంకలో సలుపు పుట్టుట మీరెరిగినదే. పుండు వ్రేలిమీద, పోరాటము చంకలో!

మన పూర్వ వైద్యులు దీనిని గమనింపక పోలేదు. చంకలో బొబ్బలు లేచి, నిప్పువంటి జ్వరముతో వారము, పది, పదునైదు దినములలో ప్రాణము తీయు వ్యాధిని సుశ్రుతుడు అగ్నిరోహిణి యను పేర వర్ణించెను. అది ప్లేగే యని కొందరి అభిప్రాయము. యునానీ హకీములు ప్లేగును తాఊన్ అని పిలిచిరి. గుర్తు తెలిసినది గాని, కారణము వారికి చిక్కలేదు. 1894లో హాంకాంగు నగరమున యెర్సిన్ అను వైద్యుడు ప్లేగుతో చచ్చినవారి బిళ్ళలోని రసమును తీసి సూక్ష్మదర్శినిలో చూచి, రోగక్రిమిని పట్టుకొనెను. 1898లో కరాచీలో సిమండ్ అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుకల నంటియుండి నెత్తురు పీల్చి ఎగిరి దుముకు చిన్న పురుగే ఆ క్రిమిని మనుష్యులకు చేర్చునని చూపెను. ఆ పురుగు కాలిని కుట్టిన గజ్జలో బిళ్ళ, చేతిని కుట్టిన చంకలో బిళ్ళ. సిమండ్ మాటను మొదట నమ్మినవారు తక్కువ.

బొంబాయిలో 1896లో ప్రబలిన ప్లేగు మెల్లగా దక్కనుకు వ్యాపించెను. హైదరాబాదుకు 1908లో మూసీ వరద, వెంటనే 1911లో ప్లేగు. మా నాయనమ్మ అప్పటికి తొమ్మిదేండ్ల పిల్ల. వారిది శాలిబండ. ఇంట ఎలుక రాలినచో తాళము వేసి ఊరి వెలుపల గుడిసెలలో కాపురముండుట నాటి పద్ధతి. ఆమె తమ్మునికి చంకలో బిళ్ళ కట్టెను. తెలిసినచో బిడ్డను శిబిరమునకు కొనిపోదురను భయముచేత తల్లి వానికి పొడుగు చేతుల అంగరఖా తొడిగి అటకమీద దాచెను. నాలుగవనాడు అటకమీదినుండి శవమునే దింపిరి.

ఆ తల్లిని తప్పు పట్టుటకు నాకు నోరాడదు. 1897లో పూనాలో సిపాయీలు ఇండ్లలో చొరబడి ఆడువారిని సైతము బిళ్ళలకై తడిమి చూచిరను వార్త దేశమంతట ప్రాకినది. ఆ యలజడిలోనే ప్లేగు అధికారి రాండ్ తుపాకి గుండుకు బలియయ్యెను. ప్రభుత్వపు చేయి చంకను తాకునన్న భయము జనులకు ప్లేగుకంటె మిన్నయైనది. హైదరాబాదువంటి ఘోషా నగరమున వేరుగా చెప్పనేల? నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రిని పాతవారు నేటికిని కోరంటి దవాఖానా యందురు. క్వారంటైను అను మాటయే మన నాలుకపై అట్లు అరిగినది.

నాటి చికిత్స చెప్పుకొనదగినది కాదు: పట్టు వేయుట, జలగలు పట్టించుట, కోయుట. హాఫ్‌కిన్ 1897లో బొంబాయిలో టీకా సిద్ధపరచి మొదట తనకే పొడిపించుకొనెను గాని, అది రాకుండ కొంత కాపాడునదే, వచ్చినదానిని కుదుర్చునది కాదు. 1943లో అమెరికాలో నేలలోని సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్ దొరికిన పిదపనే బిళ్ళ కట్టినవాడు బ్రతుకునను ధైర్యము కలిగినది. 1994లో సూరతున మరల కలకలము రేగినప్పుడు మందులు చేతనుండుటచే అది పాత కథ కాలేదు.

ఇక నేటి మాట. ఇప్పుడు చంకలో గడ్డ కనబడినచో అది ప్లేగగుట బహు అరుదు. తరచు అది సెగగడ్డయో, చేతి పుండు వలన వచ్చిన వాపో యగును. మందుతోను, చీము పట్టినచో వైద్యుని కత్తితోను మానును. మెత్తగా జారునది కొవ్వుగడ్డ కావచ్చును. పసిబిడ్డ యెడమ భుజమున వేయు క్షయ టీకా వలన ఒక్కొక్కప్పుడు ఆ చంకలో చిన్న బిళ్ళ తేలును, కంగారు పడక వైద్యునకు చూపవలెను. క్షయవలన కట్టిన బిళ్ళకు నెలల తరబడి, సామాన్యముగా ఆరు నెలలు, మందు మ్రింగవలెను. నొప్పి లేనిది, రాయివలె గట్టిది, నానాటికి పెరుగునది యైనచో జాగు చేయరాదు. అది రొమ్ము పుట్టకురుపు చంకకు ప్రాకిన గుర్తు కావచ్చును.

మా మేనత్త, అనగా శాలిబండలో తమ్ముని పోగొట్టుకొన్న ఆ నాయనమ్మ కూతురు, 1971లో అట్టి గడ్డనే యేడాదిపాటు రవికె క్రింద దాచినది. నొప్పి లేదు గదా యని యొక సాకు, మగ వైద్యునికి చంక చూపుట యెట్లని యొక సిగ్గు. చూపునప్పటికి అది ఎముకలకు దిగినది. ఆమె పోవుటకు ముందు నా చేయి పట్టుకొని, "నొప్పి పెట్టియుంటే చెప్పేదాన్ని రా" అన్నది.

నేడు వైద్యుడు చేయు మొదటి పని చాల చిన్నది. చేయి యెత్తించి, చంకను, రొమ్మును తడిమి చూచును. అవసరమైనచో సన్నని సూదితో గడ్డనుండి రవ్వంత తీసి పరీక్షకు పంపును. కోరిన స్త్రీలకు స్త్రీ వైద్యులే చూచుదురు. ఈ ప్రసంగము వినుచున్న మీ యింట ఆడువారు పక్కగదిలో నున్నచో, ఈ కడపటి నాలుగు మాటలు వారి చెవిని వేయుడు.