చదివి వినిపించే లెక్క

‘ఆడిట్’ అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం వినడం. మధ్యయుగాల ఇంగ్లండులో జమాఖర్చులు పైకి చదువుతుంటే, విని తప్పొప్పులు తేల్చేవారు. పోనుపోను ఆడిట్ కాగితాల పనైపోయింది. రసీదు సరిగ్గా ఉంటే చాలు; చెరువులో పూడిక నిజంగా తీశారా అని ఊరివాళ్లను అడగాల్సిన పని లేకుండా పోయింది. ప్రభుత్వ పనుల లెక్కను జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీ ఆ వినడాన్ని మళ్లీ ఊరి నడిబొడ్డుకు తెచ్చింది.

తెచ్చింది కూలీలు. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లినవాళ్లకు కనీస వేతనం చేతికొచ్చేది కాదు. ఇదేమని అడిగితే, కొలతల పుస్తకంలో మీ పని అంతే ఉందనేవారు. ఆ పుస్తకం చూపించమంటే ప్రభుత్వ రహస్యం అనేవారు. తాము తవ్విన మట్టి కొలత తమకే రహస్యం! 1990లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ అక్కడి కూలీలు, రైతులతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరాణాలో తొలి ‘జన్ సున్‌వాయీ’ జరిగింది. కూలీల హాజరు పట్టీలు, అంటే మస్టర్లలోని పేర్లు జనం ముందు చదివారు. పనికే వెళ్లనివాళ్ల పేర్ల మీద కూలి రాసి ఉంది. సున్‌వాయీ అన్నా వినడమే. ఆ లెక్కలు చూసే హక్కు కోసం 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా, ఆపైన ఏళ్ల పోరాటం, చివరికి 2005లో సమాచార హక్కు చట్టం. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో, పనుల తనిఖీ బాధ్యతను గ్రామసభకే అప్పగించారు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాదే సంఘటన్ అనుభవజ్ఞుల సాయంతో తనిఖీలకు దిగింది. 2009లో వీటికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిడాంబి దాని డైరెక్టరయ్యారు. తన ఖర్చును తానే జనం ముందు పెట్టేందుకు ఒక ప్రభుత్వం ఇంత పెద్ద ఏర్పాటు చేయడం చిన్న సంగతి కాదు.

తనిఖీ చేసేది బయటి ఆడిటర్లు కాదు, కూలీల ఇళ్ల పిల్లలే. శిక్షణ పొంది, మస్టర్లు చేతబట్టుకుని గడప గడపకూ వెళ్తారు. ‘ఈ వారం ఆరు రోజులు పనికెళ్లావా అక్కా? ఎంత ముట్టింది?’ అని అడుగుతారు. చెప్పింది రాసుకుని, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. కాలవగట్టు మీద టేపు పట్టి కొలుస్తారు. ఊళ్లో గ్రామసభ, తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. అక్కడ కూలీల పని చూసే మేటీ, ఫీల్డ్ అసిస్టెంటూ, అధికారులూ అందరి ఎదుటా జవాబు చెప్పాలి. చదువురాని మనిషి కూడా తన పేరు విన్నప్పుడు ‘నేను పోలేదు, నాకు రాలేదు’ అనగలదు. ఆ ఒక్క మాట ముందు ఎంత పకడ్బందీ రసీదూ నిలవదు. ఈ పద్ధతికున్న బలమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

2011 నియమాలు ఆరు నెలలకోసారి ప్రతి పంచాయతీలో తనిఖీ తప్పనిసరి చేశాయి. కానీ దొంగ మస్టర్లు బయటపడినంతగా సొమ్ము తిరిగి వసూలు కాలేదు. తనిఖీ బృందానికి నిజం తేల్చే అధికారమే గాని చర్య తీసుకునే అధికారం లేదు. అది పథకం నడిపే యంత్రాంగం చేతిలోనే ఉండిపోయింది. ప్రజావేదికలో లేచి సాక్ష్యం చెప్పిన కూలీ, మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని అదే మేటి దగ్గరికి పనికి వెళ్లాలి.