ఉంగరపు వేలి వివాదం

వియెన్నా నగరంలో 1812లో ఆర్తారియా సంస్థ ఒక గిటారు సాధన గ్రంథాన్ని ప్రచురించింది. రచయిత మౌరో జూలియానీ దక్షిణ ఇటలీలో పుట్టి, 1806లో ఆ నగరానికి వలస వచ్చిన వాద్యకారుడు. అప్పటికే గిటారు జంట తీగలను వదిలి ఆరు ఒంటి తీగల వాద్యంగా స్థిరపడింది. దాంతో ప్రతి తీగను విడిగా, శుభ్రంగా మీటవలసిన అవసరం ఏర్పడింది.

గ్రంథంలోని మొదటి భాగం కుడిచేతికి ఉద్దేశించిన 120 అభ్యాసాలు. ఎడమచేతికి ఆ నూటయిరవైలోనూ దాదాపు పనే లేదు. సి మేజర్, జి సెవెన్త్ అనే రెండు స్వరసముదాయాల మధ్య అటూ ఇటూ మారుతుంది, అంతే. మారేదంతా కుడిచేతి వేళ్ల క్రమమే. మన గుణింతంలో హల్లు నిలిచి ఉండగా అచ్చులు మారినట్టుగా, ఇక్కడ ఎడమచేయి నిలిచి ఉంటే కుడిచేయి మారుతుంది. సరళీ వరుసలన్నిటినీ ఒక్క మాయామాళవగౌళలోనే నేర్పడంలోనూ ఇదే యుక్తి ఉంది. ఒకేసారి రెండు కష్టాలను విద్యార్థి నెత్తిన వేయకూడదు. ఎడమచేతి వంతు రెండవ భాగంలో వస్తుంది.

ఈ 120లో ఉంగరపు వేలికి తప్పించుకునే దారి లేదు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు చేసే పనిని అదీ చేయాలి. ఇక్కడే అభిప్రాయభేదం మొదలైంది.

బార్సిలోనాలో పుట్టిన ఫెర్నాందో సోర్ 1830లో పారిస్‌లో తన బోధనా గ్రంథాన్ని వెలువరించాడు. అందులో అభ్యాసాల కంటే వాదన ఎక్కువ. ప్రతి నియమానికీ కారణం చెప్పనిదే ఆయన ముందుకు కదలడు. మామూలుగా మీటడానికి మొదటి మూడు వేళ్లు చాలునని, నాలుగు స్వరాలు ఒకేసారి పలకవలసి వచ్చినప్పుడు మాత్రమే ఉంగరపు వేలిని పిలవాలని ఆయన మతం. గోళ్లతో మీటడమూ ఆయనకు గిట్టేది కాదు. అయితే గోళ్లతోనే వాయించే దియోనీసియో అగ్వాదో ఆయనకు ఆప్తమిత్రుడు. వాళ్లిద్దరి కోసం సోర్ రాసిన యుగళ రచన పేరే 'ఇద్దరు మిత్రులు'. సిద్ధాంతాలు స్నేహాన్ని చెడగొట్టని అరుదైన సందర్భమిది.

శరీర నిర్మాణాన్ని బట్టి చూస్తే సోర్ మాట తీసిపారేయదగినది కాదు. అరచేతి వెనుక, వేళ్లను పైకెత్తే కండర తాళ్ల మధ్య అడ్డబంధాలు ఉంటాయి. ఉంగరపు వేలి తాడు అటు నడిమి వేలికీ, ఇటు చిటికెన వేలికీ ముడిపడి ఉంటుంది. నడిమి వేలిని మడిచి అరచేతిని బల్లపై ఆనించి, ఉంగరపు వేలిని ఎత్తబోతే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. ఎంత సాధన చేసినా ఆ బంధాలు తెగవు.

మరి జూలియానీ సాధించినదేమిటి? బలం కాదు. తీగను మీటడానికి కావలసిన బలం చిన్నపిల్లలకూ ఉంది. పైగా మీటేటప్పుడు వేలిని లోపలికి లాగుతామే గాని పైకెత్తము. ఆయన అభ్యాసాలు నేర్పేది ఏ వేలు ఎప్పుడు కదలాలో, దానికంటే ముఖ్యంగా ఏ వేలు ఎప్పుడు ఊరుకోవాలో. ఆ పాఠం చేరేది మెదడుకు. తర్వాతి తరాలలో తారెగా, సెగోవియా సంప్రదాయం ఉంగరపు వేలిని పూర్తి భాగస్వామిగా స్వీకరించింది. వివాదంలో జూలియానీ పక్షమే గెలిచింది.

గెలుపుకు మూల్యం లేకపోలేదు. పియానో విద్యార్థి రాబర్ట్ షూమన్ 1830ల తొలినాళ్లలో వేళ్ల సాధనకు ఒక యంత్రాన్ని కూడా వాడాడు. కుడిచేతి నడిమి వేలు స్వాధీనం తప్పి, వాద్యకారుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు. కారణంపై వైద్యులు నేటికీ ఏకీభవించలేదు. డిస్టోనియా అయి ఉంటుందని చాలామంది నాడీవైద్యుల అనుమానం. నొప్పి లేకుండానే, వాయించబోయే క్షణంలో వేలు తనంత తాను ముడుచుకుపోయే జబ్బు అది. గిటారు వాద్యకారులలో ఎక్కువగా కుడిచేతికే వస్తుంది. మెదడులో వేళ్ల హద్దులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం ఇందులో కనిపించే ఒక లక్షణం.

ఆ హద్దులను 1995లో పరిశోధకులు తొమ్మండుగురు తంత్రీవాద్యకారులలో కొలిచారు. ఎడమచేతి వేళ్లకు మెదడు కేటాయించిన చోటు ఇతరులలో కంటే విశాలంగా ఉంది. చిన్నతనంలో సాధన మొదలుపెట్టినవారిలో మరీ ఎక్కువ. తీగ నొక్కని ఎడమ బొటనవేలికి ఆ విస్తరణ తక్కువ. కుడిచేతిలో అటువంటి తేడా కనిపించలేదు. అయితే ఆ తొమ్మండుగురిలో ఎనిమిదిమంది కుడిచేత్తో కమాను పట్టేవారు. వేళ్లతో మీటే గిటారు వాద్యకారుడు ఒక్కడే.