‘మంచి ట్యూబొకటి ఇవ్వు’: ప్రతిపద వ్యాఖ్యానం

మూలం: “అన్నా, గజ్జల్లో దురద. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. మంచి ట్యూబొకటి ఇవ్వు.”

తెలుగు ఊళ్ళలో ఏ మందుల షాపు ముందు సాయంత్రం పూట కాసేపు నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. పెద్దగా కాదు, గొణుగుతున్నట్టు. ఆ దురద నెలల తరబడి ఎందుకు వదలడం లేదో ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. అందుకని పద్యానికి చెప్పినట్టే దీనికీ మాట మాటకీ అర్థం చెబుతున్నాను.

అన్నా: సంబోధన. డాక్టరు దగ్గరికి వెళ్తే చూపించాలి. అన్ననడిగితే చూపించక్కర్లేదు. ఈ వాక్యం ఇక్కడ పలకడానికి అసలు కారణం అదే. పక్కన ఆడవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా తలనొప్పి మాత్రల అట్ట చూస్తూ నిలబడి, అప్పుడు అడిగే మగాళ్ళున్నారు. ఆడవాళ్ళైతే ఆ మాత్రం కూడా అడగలేరు. ‘ఒంటిమీద దురద’ అని మాట మార్చి భర్త చేతో కొడుకు చేతో తెప్పించుకుంటారు. చిక్కేమిటంటే వాళ్ళ దురదకి కారణాలు వేరుగా కూడా ఉంటాయి. పెరుగు విరిగినట్టు తెల్లబట్టతో కలిసి వచ్చేది చాలాసార్లు కాండిడా అనే ఫంగస్. ముట్లుడిగిన వయసులో చర్మం తెల్లగా పాలిపోయి, పల్చబడి వచ్చే దురద లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. దాన్ని ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే అక్కడి చర్మం ముడుచుకుపోతుంది, కొద్దిమందిలో క్యాన్సరుకూ దారితీస్తుంది. కొడుకు తెచ్చిన ట్యూబుతో తేలే వ్యవహారం కాదిది. గైనకాలజిస్టో చర్మం డాక్టరో కళ్ళతో చూడాలి.

గజ్జల్లో: చోటు. తొడా పొట్టా కలిసే మడత. చెమట ఆరదు, గాలి ఆడదు, చర్మం చర్మాన్ని ఒరుసుకుంటుంది. కోస్తా ఉక్కపోతలో పొద్దుటినుంచి రాత్రిదాకా బిగుతు జీన్సులో ఉండే కుర్రాడికీ, బస్సు నడిపే డ్రైవరుకీ, పొయ్యి దగ్గర నిలబడే వంటమనిషికీ ఫంగస్ కోరుకునే తడీ వెచ్చదనమూ అక్కడే దొరుకుతాయి. దీనికి తోడు మన మగపిల్లల నడుముకుండే మొలతాడు. రోజూ తడుస్తుంది, ఎప్పుడూ పూర్తిగా ఆరదు, ఏళ్ళపాటు ఉతికేదీ లేదు. ఫంగస్‌తో వచ్చే తామర ఉన్నన్నాళ్ళూ దాన్ని తీసేయమని డాక్టర్లు చెబుతారు. ఆచారం అడ్డొస్తే తగ్గాక కొత్తది కట్టుకోవచ్చు, పాతది మాత్రం వద్దు.

గజ్జల్లో సరిగ్గా ఎక్కడ అన్నది ఇంకా ముఖ్యం. తామరైతే తొడ లోపలివైపు అర్ధచంద్రంలా పాకుతుంది. అంచు ఎర్రగా లేచి, పొట్టు రాలుతూ ఉంటుంది, మధ్య భాగం కాస్త మామూలు పడినట్టు కనిపిస్తుంది. వృషణాల తిత్తి జోలికి సాధారణంగా పోదు. కాండిడా తిత్తిని కూడా వదలదు. పెద్ద ఎర్రమచ్చ చుట్టూ చిన్నచిన్న పొక్కులు చెదురుమదురుగా ఉంటాయి. ఇది మాటిమాటికీ వస్తుంటే ముందు షుగరు పరీక్ష చేయించుకోవాలి. షుగరున్న సంగతి ఈ దురదతోనే బయటపడినవాళ్ళు తక్కువేం కాదు. గోధుమరంగులో, పెద్దగా దురద లేకుండా ఉండే మచ్చ ఎరిత్రాస్మా. దానికి కారణం ఫంగస్ కాదు, బాక్టీరియా. చీకటిగదిలో ఉడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేసి చూస్తే అది పగడంలా ఎర్రగా మెరుస్తుంది, తామర అలా మెరవదు.

దురద: బాధ. ఎప్పుడు అని అడగాలి. రాత్రి పక్కమీద చేరగానే ఎక్కువైతే, వేళ్ళసందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ కూడా ఉంటే, మర్మాంగం మీద గట్టి బుడిపెలు తగిలితే, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటుంటే అది తామర కాదు, గజ్జి. చర్మంలో సొరంగం తొలుచుకుని గుడ్లు పెట్టే పురుగు పని. మొదటిసారి అంటినప్పుడు దురద మొదలవడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక ఎవరి నుంచి వచ్చిందో తేల్చుకోవడం కష్టం. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ళదాకా, గోళ్ళ కిందా మడతల్లోనూ, రాత్రి పూసి పొద్దున కడిగేసి, వారానికి మళ్ళీ పూయాలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. దురద ఉన్నవాళ్ళే పూసుకుంటే మిగతావాళ్ళ నుంచి మళ్ళీ తిరిగొస్తుంది. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ పూసుకుంటే చర్మం మండిపోతుంది.

ఫంగసూ పురుగూ ఏదీ లేకుండా వచ్చే దురద కూడా ఉంది. కొత్త సబ్బు, బట్టల పౌడరు, వెంట్రుకలు తీసే క్రీము, సెంటు, నీళ్ళలో కలుపుకునే యాంటిసెప్టిక్ మందు... ఇవన్నీ పల్చని చర్మాన్ని కొరుకుతాయి. ‘శుభ్రం’ పేరుతో ఆ యాంటిసెప్టిక్‌ని నీళ్ళు కలపకుండా నేరుగా రాసుకుని పొక్కులు తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. మరోటి: మొదటి కారణం ఎప్పుడో పోయినా గోకుడు అలవాటుగా మిగిలి, చర్మం ఏనుగు తోలులా మందమైపోవడం. గోకినకొద్దీ మందం, మందమైనకొద్దీ దురద. దీనికి ఫంగస్ మందు బస్తాలకొద్దీ పూసినా లాభం లేదు.

తగ్గినట్టే తగ్గి: మొత్తం వాక్యానికి ప్రాణం ఇక్కడుంది. మందుల షాపులో చేతికొచ్చే ట్యూబు వెనక్కి తిప్పి, మడత దగ్గరి సన్నక్షరాలు వెలుతుర్లో పెట్టి చదవండి. చాలాసార్లు మూడు నాలుగు పేర్లు కలిపి ఉంటాయి: ఒక ఫంగస్ మందు, ఒక యాంటిబయాటిక్, వాటి పక్కన క్లోబెటసాల్ గానీ బీటామెథసోన్ గానీ. చివర చెప్పినవి స్టెరాయిడ్లు. క్లోబెటసాల్ 0.05 శాతమే కదా అనుకోవద్దు, పూతమందుల్లో అత్యంత బలమైన తరగతి అదే. రెండో రాత్రికే ఎరుపు వాడిపోతుంది, దురద చల్లబడుతుంది. రోగికి సంతోషం, అన్నకి మంచిపేరు. లోపల జరిగేది వేరు. ఎరుపూ దురదా మన ఒళ్ళు ఫంగస్‌తో చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది, ఫంగస్‌ని కాదు. ఊరి కాపలా కుక్కని నిద్రపుచ్చి, మొరగడం లేదు కనుక దొంగ పోయాడనుకున్నట్టు. పూత ఆపిన వారంలోపే దురద రెండింతలై తిరిగొస్తుంది, మళ్ళీ అదే ట్యూబు. ఇలా నెలలు గడిచేసరికి అంచు చెరిగిపోయి, మచ్చలోపల మచ్చగా రింగుల్లో రింగులు పడి, తొడలకీ పిరుదులకీ నడుముకీ పాకుతుంది. అనుభవమున్న డాక్టరు కూడా ఒక్క చూపులో గుర్తుపట్టలేనంతగా రూపు మార్చుకున్న ఈ తామరకి ‘టీనియా ఇన్‌కాగ్నిటో’ అని 1968లో ఇంగ్లండులో పేరు పెట్టారు, అంటే మారువేషంలో ఉన్న తామర.

చోటుకీ మందుకీ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే స్టెరాయిడ్‌ని ఒంటిమీద రకరకాల చోట్ల పూసి, ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతితో పోలిస్తే వృషణాల తిత్తి చర్మం 42 రెట్లు ఎక్కువగా పీల్చుకుంది. చేతిమీద ఫర్వాలేదనిపించే మందు గజ్జల్లో ఎంత చేటు చేస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. చర్మం సిగరెట్ కాగితంలా పల్చబడుతుంది, తొడ లోపల పురిటి చారల్లాంటి వెడల్పాటి చారలు పడతాయి. తామర నయమైనా ఆ చారలు పోవు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళకి అవి చూస్తే నాకు ఫంగస్ మీద కంటే ట్యూబు మీదే ఎక్కువ కోపమొస్తుంది.

మళ్ళీ వస్తోంది: స్టెరాయిడ్ లేకుండా సరైన ఫంగస్ మందే వాడినా తిరగబెట్టడానికి కారణాలున్నాయి. దురద పోగానే ఆపేయడం మొదటిది. మచ్చ కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర పూయాలి. రెండోది పాదాలు. కాలివేళ్ళ సందుల్లో పాసినట్టుండేదీ, గోరు పసుపుపచ్చగా పెళుసైపోయేదీ అదే ఫంగస్. డ్రాయరు వేసుకునేటప్పుడు పాదాలమీదుగా అది గజ్జల్లోకి ఎక్కుతుంది. ముందు సాక్సు వేసుకుని ఆ తర్వాత డ్రాయరు వేసుకోమనే సలహా విని నవ్వుకుంటారు గానీ, అది అక్షరాలా పనిచేసే సలహా. మూడోది బట్టలు. రాలిన పొట్టులో ఫంగస్ నెలలపాటు బతుకుతుంది. ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడటం, అందరి లోదుస్తులూ ఒకే బకెట్‌లో నానబెట్టడం మానాలి. వేడినీళ్ళలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, వానాకాలమైతే లోపలివైపు ఇస్త్రీ చేయాలి. దండెం మీద చీర చాటున చెమ్మగా ఆరిన లోదుస్తులు ఉతికినా ఉతకనట్టే.

నాలుగోది ముఖ్యంగా మనదేశపు సంగతి. పాత పాఠ్యపుస్తకాల్లో గజ్జల తామరకి ప్రధాన కారణం ట్రైకోఫైటాన్ రూబ్రమ్. గత పదేళ్ళలో భారతదేశంలో దాన్ని పక్కకి నెట్టి ఇంకొకటి వచ్చింది. జపానులో ఒక భారతీయుడి నుంచీ ఒక నేపాలీ నుంచీ తీసిన నమూనాల ఆధారంగా 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకి దశాబ్దాలుగా నమ్ముకున్న టెర్బినాఫిన్‌కి ఇది చాలాసార్లు లొంగదు. ఆ మందు పట్టుకునే ఎంజైములోనే మార్పు వచ్చేసింది. న్యూయార్క్‌లోనూ కనిపించి, 2023లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ హెచ్చరిక రాయాల్సి వచ్చింది. కాబట్టి ‘నాన్నగారికి రెండు వారాల్లో తగ్గింది, నాకెందుకు తగ్గదు’ అంటే జవాబు మీ శుభ్రతలో ఉండకపోవచ్చు. ఇట్రాకొనజోల్ మాత్రలు నెలా రెణ్ణెల్లు వాడాల్సి రావచ్చు. కేప్సూలైతే అన్నం తిన్నాక వేసుకోవాలి, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి పనికిరాదు, చాలా మందులతో పడదు. అందుకే కౌంటరు దగ్గర తెగే బేరం కాదిది.

మంచి: విశేషణం. వాడేవాడి మనసులో దీనికి ‘వెంటనే పనిచేసే’ అని అర్థం. పై భాగం చదివినవాళ్ళకి ప్రమాదం ఎక్కడుందో తెలిసే ఉంటుంది. ఇదే చోట ఇంటి వైద్యాల సంగతీ చెప్పుకోవాలి. మెట్టతామర ఆకుకి ఫంగస్‌ని అణిచే గుణం నిజంగానే ఉంది, పెద్దవాళ్ళు ఊరికే రుద్దలేదు. అయితే ఇన్ని చోట్లకి పాకి, మందులకి మొండికేసిన ఈనాటి తామరకి అది చాలదు. నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద, కిరసనాయిలు, సున్నం మాత్రం గజ్జల దరిదాపులకి పోకూడదు. ఇవి చేసేది కాల్చడమే.

ట్యూబు + ఒకటి: సంధి విడదీస్తే లెక్క దొరుకుతుంది. చూపుడువేలి కొన నుంచి మొదటి గీతదాకా పిండిన క్రీము సుమారు అరగ్రాము. అది రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. రెండు గజ్జలకీ అంచులు కలుపుకుని పూటకి ఒక గ్రాము వేసుకున్నా, రెండు పూటలకి రోజుకి రెండు గ్రాములు. 15 గ్రాముల ట్యూబు వారానికి అయిపోతుంది. నాలుగు వారాల వైద్యానికి నాలుగు కావాలి. ‘ఒకటి’ అన్నప్పుడే సగంలో ఆపేస్తామని ఒప్పుకున్నట్టు. పైగా తామర ఇంట్లో ఒక్కరికే ఉండటం ఈ రోజుల్లో తక్కువ. దంపతుల్లో ఒకరికి వైద్యం చేసి ఇంకొకర్ని వదిలేస్తే ఎన్ని ట్యూబులైనా చాలవు.

ఇవ్వు: క్రియ. అడిగితే ఇచ్చేయొచ్చా? 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మ వైద్యుల సంఘం ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించిన పని అది. కౌంటర్ల దగ్గర మాత్రం ఆ చట్టం చాలాచోట్ల అట్టపెట్టె మీది ఎర్రగీతగానే మిగిలిపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా, సంచిలో వేసుకుని పట్టుకెళ్ళండి. పేరు గుర్తులేకపోతే ‘ఏదో తెల్ల క్రీము’ అని చెప్పడం కంటే అవే నయం. మచ్చ అంచు నుంచి బ్లేడుతో కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. నొప్పుండదు, పెద్ద ఖర్చూ కాదు, ఫంగస్ పోగులుంటే కాసేపట్లో కనబడతాయి. ముందురోజుదాకా ఫంగస్ మందు పూసుకుని వెళ్తే ఉన్న ఫంగస్ కూడా దొరక్కపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి. చాలాకాలం స్టెరాయిడ్ వాడి ఉంటే ఆపిన మొదటి రోజుల్లో దురద ఎగసిపడుతుంది. దానికి రాత్రిపూట వేసుకునే దురద మాత్ర డాక్టరే రాస్తారు. ఆ వారం ఓర్చుకోలేక పాత ట్యూబు వెతుక్కోకుండా ఉండాలంటే దాన్ని డాక్టరు టేబులు మీదే వదిలేసి రావడం మేలు.