కంటి అద్దముల నుండి లేజర్ కిరణము వరకు

విశాఖ సముద్రపుటొడ్డున కండ్లజోడుతో షికారు చేయువారికి ఒక చిన్న బాధ తెలియును. కొంతసేపటికే అద్దములపై ఉప్పుపొర కమ్మును. ఉక్కు కర్మాగారమున కొలుముల చెంత పనిచేయువారికి చెమటకు జోడు ముక్కుపై నిలువదు. ఓడలలోను, నౌకాదళములోను ఉద్యోగములు కోరు యువకులకు కంటి పరీక్షయే మొదటి గడప. కావున, లేజర్ చికిత్స చేయించుకొన్న ఏమగునను ప్రశ్న ఈ ఊరి ఇండ్లలో వినబడుట వింత కాదు. బదులు చెప్పుటకు ముందు ఈ చికిత్స ఏ దారిని నడచివచ్చినదో చూతము. ఆ దారిలో ఒక పెద్ద పొరపాటు కలదు. దానిని విన్నచో నేటి వైద్యులు ఇన్ని పరీక్షలేల చేయుదురో బోధపడును.

కంటి ముందుభాగమున గాజువలె తేటగా నుండు పొరను కార్నియా అందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. కాంతిని వంచుటలో రమారమి మూడింట రెండు వంతుల పని దానిదే. హ్రస్వదృష్టి గలవారిలో సాధారణముగా కనుగ్రుడ్డు పొడవు ఎక్కువై, బింబము రెటీనాకు ముందే ఏర్పడును. కార్నియా వంపును తగ్గించిన బింబము రెటీనాపై పడునుగదా!

ఈ ఊహతోనే 1930 తరువాతి సంవత్సరములలో జపానునందు సాటో అను వైద్యుడు కార్నియాకు లోపలి వైపునుండి కూడ గాట్లు పెట్టి చదును చేయబూనెను. వందలకొలది కండ్లకు ఈ చికిత్స జరిగినది. చూపు మెరుగైనది. కాని యిరువది యేండ్లు గడచుసరికి వానిలో పెక్కు కండ్లలో కార్నియా ఉబ్బి మసకబారినది. కార్నియా లోపలి అంచున నున్న ఒంటివరుస కణములే నీటిని తోడివేయుచు దానిని తేటగా నుంచుననియు, అవి నశించిన మరల పుట్టవనియు అప్పటి వారెరుగరు. కండ్లజోడుతో హాయిగా చూడగలిగినవారికి వాటిల్లిన కష్టమిది. దీనిని తేలికగా దాటిపోరాదు.

1950 ప్రాంతమున కొలంబియా దేశపు బొగోటా నగరమున బరాకర్ అను వైద్యుడు మరొక మార్గము త్రొక్కెను. కార్నియా పైభాగమును పలుచని బిళ్ళగా కోసి, గడ్డకట్టించి, లేత్ యంత్రముపై చెక్కి, తిరిగి కంటిపై అమర్చెను! మన ఉక్కునగరపు టర్నర్లు నవ్వవచ్చును గాని, ఇది నిజము.

1960లో మైమన్ తొలి లేజరును వెలిగించెను. 1981 నవంబరులో, మద్రాసు విశ్వవిద్యాలయమున చదివి అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధనాలయమున పనిచేయుచున్న రంగస్వామి శ్రీనివాసన్, పండుగ విందులో మిగిలిన సీమకోడి ముక్కను ప్రయోగశాలకు తెచ్చెను. వైన్, బ్లమ్ అను సహచరులతో కూడి దానిపై ఎక్సైమర్ లేజరును ప్రసరింపజేయగా, చుట్టుప్రక్కల మాడకుండ కత్తితో కోసినంత శుభ్రముగా గాడి పడినది. 1983లో ట్రోకెల్ అను నేత్రవైద్యునితో కలిసి కార్నియాపై ప్రయోగించిరి. 1990 ప్రాంతమున క్రీటు ద్వీపమున పల్లికారిస్, బరాకర్ కోతను ఈ కిరణముతో జోడించెను. నేటి లాసిక్ అదియే.

మన నగరము నేత్రవైద్యమునకు క్రొత్తది కాదు. ఆంధ్ర వైద్య కళాశాల 1923 నాటిది; ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2006లో ఇచట శాఖను తెరచినది. అయితే చికిత్స గదిలో జరుగు పనికంటె ముందు జరుగు పరీక్షలే ముఖ్యమని మా అభిప్రాయము. ఒక పాయింటు పవరు తగ్గించుటకు సుమారు 12 నుండి 15 మైక్రానుల కార్నియా అరిగిపోవును. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పలుచని కార్నియా గలవారు, అది శంఖాకారముగా సాగుచున్నవారు దీనికి తగరు. పదునెనిమిదేండ్లు నిండి, పవరు ఏడాదిగా మారక నిలచియుండవలెను. కాంటాక్టు కటకములను పరీక్షకు ముందే కొన్నాళ్ళు మానవలెను.

చికిత్సలో మత్తు చుక్కలే వేయుదురు, మెలకువగానే యుందురు. కంటిపై ఒత్తిడి తెలియును, చూపు క్షణకాలము చీకటియగును. కిరణము పనిచేయునది సాధారణముగా నిమిషము లోపే. అపుడు వెంట్రుక కాలిన వాసన తోచును, భయపడరాదు. కొన్ని గంటలు కంట నీరు, ఇసుక పడినట్టి బాధ యుండును. మరునాటికి చాలమందికి చూపు తేటపడును. కన్ను నలుపరాదు, కొన్ని వారములు సముద్రస్నానము కూడదు. పొడిదనము నెలల తరబడి యుండవచ్చును. రాత్రివేళ రేవులోని దీపముల చుట్టు వలయములు కనబడవచ్చును. పొర కోయక పైననే చేయు పద్ధతిలో నొప్పి కొన్ని దినములు ఎక్కువ, చూపు నెమ్మదిగా తేరును. ఉద్యోగార్థులు మాత్రము ఏ పద్ధతి, ఎన్ని నెలలకు ముందు అంగీకృతమో ఆయా సేవల నియమములను చూచుకొనియే పూనుకొనవలెను.

చత్వారమును ఈ చికిత్స ఆపదు. నలుబది దాటిన మాకే వార్తాప్రతిని చేయి చాచి పట్టుకొని చదువు అవస్థ మొదలైనది. లేజర్ చేయించుకొన్న మిత్రులకును అంతే. కనుగ్రుడ్డు పొడవు కూడ తగ్గదు గనుక, అధిక పవరున్నవారికి రెటీనా చిరుగు ప్రమాదము మునుపటివలెనే యుండును. మరియొక సంగతి. చికిత్సకు ముందటి కొలతల కాగితములను భద్రపరచుకొనుడు. ముప్పది నలుబది యేండ్లకు శుక్లము వచ్చి కంటిలో కటకము అమర్చవలసినపుడు, దాని పవరు లెక్కించు వైద్యునికి అవి తోడ్పడును.