పాకలోనికి వచ్చిన పశువైద్యము

ముసర యను మాట నేటి మన పిల్లలకు తెలియదు. తెలియకపోవుట వారి యదృష్టము. వారి తాతముత్తాతలకు మాత్రము ఆ మాట విన్నంతనే గుండె జారెడిది. తీవ్రమైన జ్వరము, కంటినుండియు ముక్కునుండియు స్రావము, నోట పుండ్లు, ఆపై పారుడు. పది పన్నెండు దినములలో పశువు నేలగూలెడిది. పెద్దరోగమని దానికి మరియొక పేరు. జోడెడ్లలో ఒకటి పోయిన రైతునకు రెండవదియు పోయినట్లే. ఒంటి యెద్దుతో దుక్కి సాగదు గదా.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టా రూపమే మారినది. కాటన్ దొరగారిని తలంచునప్పుడెల్ల మనము వరిచేలనే తలంతుము; పశువుల మాట మరతుము. బీళ్లు మాగాణులైన కొలది పచ్చికబయళ్లు తగ్గి, పశువునకు వరిగడ్డియే ముఖ్యాహారమైనది. బురద దున్నుటకు దున్నపోతు, పాడికి గేదె ప్రధానమైనవి. కాలువలలోను చేలలోను నిలిచిన నీరు నత్తలకు నివాసమైనది. నత్తలో పెరిగిన జలగపురుగు గడ్డిని పట్టుకొని యుండి, మేతతో పశువు కడుపున చేరి కార్జమును తినివేయును. ఇక తొలకరి జల్లులతో వచ్చు గొంతువాపు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సాయంత్రము మేత మానిన గేదె మరునాటికే దక్కకపోవచ్చును.

అట్టి దినములలో ఊరికి దిక్కు నాటువైద్యుడు. వెదురుగొట్టముతో పసరు పోయువాడు, వాత పెట్టువాడు అతడే. అతనిని చులకన చేయుట మాకిష్టము లేదు. ఎముక కట్టుటలో, ఈతకు అడ్డుపడిన దూడను తీయుటలో అట్టివారి చేతి యనుభవము గొప్పది. రోగపు పశువును మందనుండి వేరుచేయవలెనని వారెరుగుదురు. కాని ముసర ముందు పసరు పనిచేయలేదు. గ్రామదేవతకు జాతర చేసి జనులు కన్నీరు కార్చిరి.

ప్రభుత్వము మేల్కొనుటకు చాలకాలము పట్టినది. పశువుల మహామారిపై నియమితమైన సంఘము 1871లో నివేదిక సమర్పించెను. 1889లో పూనాలో పరిశోధనశాల వెలసి, 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలెను. మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో ఏర్పడెను. తిరుపతి కళాశాల 1955లో వచ్చువరకును గోదావరి జిల్లాల విద్యార్థికి చేరువైన ప్రధాన విద్యాస్థానము అదియే. చదివిన వైద్యుడు పట్టణపు ఆసుపత్రిలో నుండెను. జబ్బుపడిన గేదె లంకగ్రామములో నుండెను. నడుమ ఏరు, పడవ, రెండుకోసుల గట్టుదారి. రోగి నడచి రాలేదు, వైద్యుడు వేళకు పోలేడు. ఈ దూరమే మా కథకు మూలము.

ముసర విషయమున ఈ దూరమును ఒక మహోద్యమము జయించినది. 1920ల చివర ముక్తేశ్వరమున ఎడ్వర్డ్సు పండితుడు మేకలలో పెంచి బలహీనపరచిన విషకణముతో టీకా సిద్ధము చేసెను. 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమము ఆరంభమై, టీకా సిబ్బంది ఊరూర తిరిగిరి. మన దేశమున చివరి ముసర 1995లో కనిపించెను. 2006లో భారతదేశము ముసర లేని దేశముగా గుర్తింపబడెను. 2011లో ప్రపంచమంతటను అది సమసిపోయినట్లు ప్రకటించిరి. మశూచి తరువాత మానవుడు భూమిమీదనుండి తుడిచివేసిన రెండవ వ్యాధి యిదియే. ఇథియోపియాలోని అఫార్ ఎడారిలోను, దక్షిణ సూడానులోను ఆ తుది యుద్ధమును గెలిచినవారిలో పట్టభద్రులకంటె, శిక్షణ పొందిన స్థానిక పశుకాపరులే ముఖ్యులు. వేడికి చెడని టీకాను వారు చేతబట్టి, మోటారు పోలేని చోటికి కాలినడకన పోయిరి.

అయితే ముసర టీకా ఒకమారు వేసినచో చాలును. గొంతువాపు టీకా యేటేటా తొలకరికి ముందే పడవలెను. వచ్చి వెళ్లెడి దండు ఇందుకు చాలదు. ఊరనే యుండు మనిషి కావలెను.

అట్టి మనుష్యులను తయారుచేసిన ఒక ప్రయత్నము డెల్టాలో గాక, దానికి ఎగువన, నాటి తూర్పుగోదావరి జిల్లా అడ్డతీగల మన్యమున జరిగినది. మహిళా పశువైద్యులు నెలకొల్పిన ఆంత్ర యను సంస్థ 1990లలో అచటి గిరిజనులకు పశువైద్యమున శిక్షణ నొసగెను. గిరిజనుల యింట అసీలు కోడి చిన్న ధనము కాదు. కోడిపెట్టను వాటాకిచ్చి పిల్లలను పంచుకొను ఆచారము వారిది. కోడి లేనివానికి అది తొలిమెట్టు. కొక్కెర తెగులు వచ్చినచో మెట్టు మెట్టంతయు కూలును. టీకా వేయవలెనన్న కోళ్లను తెల్లవారుజామున, గంప యెత్తకముందే పట్టవలెను. బయటినుండి వచ్చు ఉద్యోగికి అది సాధ్యమా? ఆ యూరివారికే సాధ్యము. సీసా విప్పిన తరువాత మందు నిలువదు గనుక, ఏ యింట ఎన్ని కోళ్లున్నవో ముందే లెక్క తెలిసియుండవలెను.

మైదానమున గోపాలమిత్ర వచ్చెను. 2000 సంవత్సరము ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ పశుగణాభివృద్ధి సంస్థ గ్రామీణ యువకులకు శిక్షణయిచ్చి వారికీ పేరు పెట్టెను. గేదెకు తరచు మూగయెద వచ్చును; అది అరవదు, యజమాని గుర్తింపడు. ఉదయము గుర్తించినచో సాయంత్రము, సాయంత్రము గుర్తించినచో మరుదినము ఉదయము సూది వేయవలెను. వేళ తప్పినచో మూడువారములు పాడి వెనుకబడును. సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో వీర్యమును భద్రపరచిన పాత్రను బండికి కట్టుకొని పాకకు వచ్చు గోపాలమిత్ర, రైతునకు ఆ మూడువారములను మిగిల్చెను.

కాని అతని స్థితి యేమి? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టపు 30వ విభాగము ననుసరించి చికిత్స చేయు నధికారము నమోదైన వైద్యునిదే. ప్రభుత్వము నిర్దేశించిన యోగ్యతాపత్రము గలవాడు, వైద్యుని పర్యవేక్షణలో, చిన్నపాటి సేవలు మాత్రమే చేయవచ్చును. ఈ నియమము అక్రమము కాదు. తెలిసీ తెలియని చేతిలో సూదిమందు ప్రమాదకరము. ఆ మందు శేషము పాలలో మన పిల్లల నోటికే వచ్చును. అయినను అర్ధరాత్రి గేదె ఈనలేక మూలుగుచుండగా ఇల్లాలు తలుపు తట్టునది నమోదు పట్టిక చూచి కాదు. దగ్గరనున్న గోపాలమిత్ర యింటనే. అతడు ప్రభుత్వోద్యోగి కాడు, స్వల్ప గౌరవవేతనము పొందువాడు. 2019లో గ్రామ సచివాలయములకు పశుసంవర్ధక సహాయకులను నియమించినప్పుడు, ఇరువదేండ్లు పాకలు తిరిగినవారు తమ పని యిక యెవరిదని యడిగిరి. లంకగ్రామములలో నేటికిని ఆ సహాయకుడును, ఈ గోపాలమిత్రయు ఒకే పడవలో ఏరు దాటుట గలదు.