శల్యపరీక్ష

ఎలక్షన్లో ఏ పార్టీ ఓడినా మర్నాడు పేపర్లో "ఓటమిపై శల్యపరీక్ష" అని వస్తుంది, చూసే ఉంటారు. శల్యం అంటే ఎముక అనే అర్థం కూడా ఉంది గానీ, సుశ్రుతుడి లెక్కలో ఒంట్లోకి దూరి బాధపెట్టే పరాయి వస్తువు ఏదైనా శల్యమే. ముల్లు, బాణం ములికి, వెదురు పేడు, ఏదైనా సరే. ఆయుర్వేదంలో సర్జరీ మొత్తానికి శల్యతంత్రం అని పేరొచ్చింది ఈ మాట నుంచే. అంటే మనవాళ్ళ సర్జరీకి పేరు పెట్టింది గుండె ఆపరేషన్ కాదు, ముల్లు తియ్యడం అన్నమాట :)

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 26వ అధ్యాయం మొత్తం "ప్రనష్ట శల్యం" గురించే. లోపలెక్కడో తప్పిపోయిన శల్యం అని అర్థం. గాయం పైకి మానిపోతుంది, మనిషి మర్చిపోతాడు. తర్వాత ఎప్పుడో దెబ్బ తగిలినా, ఒళ్ళు అలిసినా లోపలిది కదిలి బాధ మళ్ళీ మొదలు. మరి ఆ రోజుల్లో అదెక్కడుందో ఎలా కనిపెట్టాలి? చర్మంలో ఉందని అనుమానం వస్తే అక్కడ నెయ్యో, చందనమో పూసి చూడమంటాడు. నెయ్యి ఎక్కడ త్వరగా కరిగితే, పూత ఎక్కడ ముందు ఆరితే అక్కడ వేడి ఉన్నట్టు, శల్యం ఉన్నది అక్కడే. నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. లోపలి నాళాల్లోనో స్నాయువుల్లోనో ఉందనుకుంటే రోగిని విరిగిన చక్రం బండి ఎక్కించి గతుకుల దారిలో గబగబా తోలమంటాడు. ఎక్కడ నొప్పెడితే అక్కడ చూడాలి. టెస్టింగ్ టీముల్లో ఉన్నవాళ్ళకి దీన్ని వేరే వివరించక్కర్లేదు. బగ్ దొరక్కపోతే లోడ్ పెంచి రీప్రొడ్యూస్ చెయ్యడమే కదా.

తర్వాతి అధ్యాయంలో తీసే పద్ధతులు 15 చెప్పాడు. ఇనుమైతే అయస్కాంతంతో లాగడం కూడా అందులో ఉంది. అలాగని రాసిందంతా ఒప్పుకోవాలని లేదు. బంగారం, వెండి, రాగి ఒంటివేడికి కరిగిపోతాయన్నాడు, అది తప్పు. లోహం అలాగే ఉంటుంది, ఒళ్ళు దాని చుట్టూ ఒక తిత్తి కట్టి ఊరుకుంటుంది. 1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లో ఇంటి దగ్గర గద్దర్ మీద కాల్పులు జరిగాయి. వెన్నులో ఇరుక్కున్న ఒక బుల్లెట్టుని తీస్తే ప్రమాదమని డాక్టర్లు వదిలేశారు. 2023 ఆగస్టు 6న ఆయన పోయేదాకా, 26 ఏళ్ళు, అది ఆయనతోనే ఉంది.

బుల్లెట్టు సంగతి అందరికీ తెలుస్తుంది. ముల్లు సంగతే ఎవరూ పట్టించుకోరు. మా నగరి వైపు ఎముక విరిగితే పుత్తూరు దగ్గర రాచపాళెం పోయి కట్టు కట్టించుకుంటారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు ఆ కట్టు కోసం. అదే ముల్లు దిగితే పక్కవీధి డాక్టరు దగ్గరికి కూడా పోరు. పిన్నీసుతో కెలకడం, లేదంటే జిల్లేడు పాలు పోసి అదే బయటికొస్తుందని కూర్చోవడం.

పైగా రాయలసీమకి ఉన్న ముళ్ళు చాలవన్నట్టు సర్కారు తుమ్మ ఒకటి. ఇది ఇక్కడి చెట్టు కాదు. జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. బీడు భూముల్లో పెరుగుతుంది, వంటచెరకు అవుతుంది అని మద్రాసు అటవీశాఖ ఆలోచన. వంటచెరకు అయింది, నిజమే. చెరువు గట్లూ, పోరంబోకూ, రోడ్డు పక్కలూ అన్నీ ఆక్రమించింది కూడా. పేరులో సర్కారు ఉత్తినే రాలేదు!

చెట్టు ముల్లుతో వచ్చే గొడవ ఏంటంటే, అది ఒంటరిగా రాదు. మట్టినీ, అందులోని ఫంగస్‌నీ, బాక్టీరియానీ వెంటబెట్టుకుని వస్తుంది. 1842లో మదురైలో గిల్ అనే డాక్టరు, పాదం వాచి వికారంగా మారిపోయే జబ్బొకటి నమోదు చేశాడు. దానికి "మదురా పాదం" అనే పేరు స్థిరపడింది. 1860లో బొంబాయిలో వాన్‌డైక్ కార్టర్ ఫంగస్ సంగతి పట్టుకుని మైసెటోమా అని పేరు పెట్టాడు. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ళకి ముల్లు గుచ్చుకున్న చోట మొదలవుతుంది. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఏళ్ళ తరబడి వదిలేస్తారు. ఈలోగా అది ఎముకదాకా పోతుంది, ఒక్కోసారి కాలే తీసెయ్యాల్సి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల లిస్టులో చేర్చింది 2016లో. గిల్ రాసిన 174 ఏళ్ళకి!

ఇక ఎక్స్‌రే. రాంట్‌జెన్ దాన్ని కనిపెట్టింది 1895 నవంబరు 8న. రెండు నెలలు దాటగానే, 1896 జనవరి 11న, బర్మింగ్‌హామ్‌లో హాల్-ఎడ్వర్డ్స్ ఒకరి చేతిలో ఉన్న సూదిని ఎక్స్‌రే తీశాడు. (పాపం, ఆ కిరణాల వల్లే తర్వాత ఆయన ఎడమ చెయ్యి తీసెయ్యాల్సి వచ్చింది.) అప్పట్నుంచీ జనానికి ఒక నమ్మకం: ఎక్స్‌రేలో లేదంటే ఒంట్లో లేనట్టే. కానీ ఎక్స్‌రేలో లోహం కనిపిస్తుంది, గాజు చాలావరకు కనిపిస్తుంది. కర్రా, ముల్లూ సాధారణంగా కనిపించవు. వాటికి అల్ట్రాసౌండ్ చెయ్యాలి.

మా చిన్నాయన ఒకాయన మడమ నొప్పితో రెండేళ్ళు కుంటాడు. ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, ఏమీ లేదు, ఆనెకాయ అన్నారు. "ముల్లు ఇరిగిందని చెప్తానే ఉండా గదరా" అని ఆయన ఇంట్లో అందరికీ చెప్పేవాడు. చివరికి ఇంకోచోట అల్ట్రాసౌండ్ చేస్తే కనపడింది. మత్తిచ్చి తీస్తే నల్లగా, అగ్గిపుల్లలో సగం ఉంది. ఎవరూ అడక్కముందే వదులుగా ఉన్న నా పాత స్పోర్ట్స్ షూ ఒక జత ఇచ్చొచ్చాను. వాటిని పెళ్ళిళ్ళకి వేసుకుంటున్నాడు, చేనికి మాత్రం ఉత్త కాళ్ళతోనే పోతున్నాడు.